రెగ్యులర్ కాఫీ అంటే మీ ఊళ్లో ఏమిస్తారు?

తెనాలి అమ్మాయి (మిసిసాగా)

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లు బోస్టన్ పక్కన ఉండి, మా వారి ఉద్యోగం మారడంతో మొన్న మే నెలలో ఇక్కడికి, కెనడాకి వచ్చాం. ఇల్లు, పిల్లల బడి, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఒక్కొక్కటే కుదురుకున్నాయి. కాఫీ మాత్రం కుదరలేదు.

అక్కడ రోజూ పొద్దున డంకిన్ అనే కాఫీ కొట్టు దగ్గర ఆగి "మీడియం రెగ్యులర్" అనేదాన్ని. రెండో మాట ఉండేది కాదు. మూడు క్రీములు, మూడు పంచదారలు వేసి వాళ్లే కలిపి చేతికిచ్చేవాళ్లు. ఇక్కడికి వచ్చాక టిమ్ హోర్టన్స్‌లో అదే మాట అన్నాను. మూత తీసి రంగు చూడగానే అర్థమైంది, ఇది నేను అడిగిన కాఫీ కాదని. ఇక్కడ రెగ్యులర్ అంటే ఒక క్రీము, ఒక పంచదార. వాళ్ల తప్పేమీ లేదు. మాట ఒకటే, ఊరు మారితే అర్థం మారింది.

ఇందులో బాధపడాల్సింది ఏముందని మా వారు అంటారు. నాకు మాత్రం పొద్దున్నే ఏదో వెలితిగా ఉంటోంది. మీరు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ కొట్టుకి అలవాటు పడ్డారు, కౌంటర్ దగ్గర ఏమని అడుగుతారు? వివరంగా రాయండి.

---

హామిల్టన్ మేష్టారు (హామిల్టన్, ఒంటారియో)

అమ్మా, రేపటి నుంచి "డబుల్ డబుల్" అనండి. రెండు క్రీములు, రెండు పంచదారలు. అదీ చాలకపోతే "ట్రిపుల్ ట్రిపుల్" అన్నా ఇస్తారు. డబుల్ డబుల్ ఈ దేశంలో ఎంత పాతుకుపోయిన మాటంటే 2004లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది.

నేను ఈ ఊరొచ్చి 22 ఏళ్లు. మొదటి టిమ్ హోర్టన్స్ 1964లో ఇక్కడే, ఒట్టావా స్ట్రీట్‌లో పెట్టారు. టిమ్ హోర్టన్ టొరంటో జట్టులో పేరున్న హాకీ ఆటగాడు. 1974లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయనతో భాగస్వామిగా ఉన్న రాన్ జాయిస్ అంతకుముందు పోలీసు ఉద్యోగి. ఈ వ్యాపారాన్ని దేశమంతా విస్తరించింది ఆయనే. ఇక్కడివాళ్లకి అది కాఫీ కొట్టొక్కటే కాదు. పొద్దున ఆరింటికి పిల్లల్ని హాకీకి తీసుకెళ్లే నాన్నలు, షిఫ్టు దిగిన స్టీల్ ప్లాంటు వాళ్లు, రిటైరైన ముసలివాళ్లు అందరూ ఒకే వరసలో నిలబడతారు. నేను వచ్చిన కొత్తలో నన్ను పేరు పెట్టి పలకరించిన మొదటి కెనడా మనిషి ఆ కౌంటర్ దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ. అప్పటి నుంచి కొట్టు మార్చలేదు.

---

బోస్టన్ బాబాయ్ (క్విన్సీ, మసాచుసెట్స్)

తెనాలి అమ్మాయ్, నీ బెంగ నాకు బాగా అర్థమవుతుంది. డంకిన్ పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాను. 1950లో విలియం రోజెన్‌బర్గ్ పెట్టిన ఆ మొదటి కొట్టు సదరన్ ఆర్టరీ మీద ఇప్పటికీ నడుస్తోంది. పాతకాలం రూపే ఉంచారు. ఊరి నుంచి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాను.

ఇక్కడివాళ్లు జనవరిలో మంచు కురుస్తున్నా చేతికి తొడుగు వేసుకుని మరీ ఐస్ కాఫీ పట్టుకుని తిరుగుతారు. మొదటి ఏడు చూసి ఆశ్చర్యపోయాను, మూడో ఏటికి నేనూ అదే పని. 2019లో పేరులోంచి "డోనట్స్" తీసేశారు. మా వీధిలో మాత్రం ఇంకా అందరూ పాత పేరే అంటారు.

ఒక జాగ్రత్త. న్యూయార్క్ వెళ్లి రెగ్యులర్ అడిగితే పాలు, పంచదార వేస్తారు. క్రీము కాదు. నాలుగు గంటల ప్రయాణంలో మాట అర్థం మారిపోతుంది.

---

ఓరుగల్లు పిల్లోడు (హనుమకొండ)

మాది చాయ్ ఊరు. కాఫీ అంటే పెళ్లిళ్లలో మిషన్ దగ్గర తాగుడే. అయినా అన్ని పోస్టులూ చదివిన. ఒక డౌటు: క్రీము క్రీము అంటున్నరు, మన దగ్గర కాఫీల ఎవరూ క్రీము వెయ్యరు కదా? అదెట్ల అలవాటైంది మీకు?

---

తెనాలి అమ్మాయి (మిసిసాగా)

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. మొదటి రోజు తాగగానే నచ్చింది, అంతే.

---

మల్లేశ్వరం (బెంగళూరు)

మాది అనంతపురం, పాతికేళ్లుగా ఇక్కడే. అమెరికా సంగతి తెలియదు గానీ, కొట్టుకి కట్టుబడి ఉండడం అంటే ఏమిటో ఈ ఊళ్లో చూడాలి. కాఫీ పొడి కొట్టు మార్చడం అంటే ఇంటి వైద్యుణ్ణి మార్చడం లాంటిది. మా అత్తగారి ఇంట్లో మూడు తరాలుగా ఒకే కొట్టు పొడి. లోపలికి వెళ్తే ఏమీ చెప్పక్కర్లేదు. పీబెర్రీ ముప్పాతిక, ప్లాంటేషన్ ఏ అనే రకం గింజ పావు, కలిపే చికోరీ వేరు పొడి 20 శాతం. తూచి, మర పట్టి, పొట్లం కట్టి ఇస్తారు. ఇంటికొచ్చేదాకా ఆ పొట్లం వెచ్చగానే ఉంటుంది.

పీబెర్రీ తెలియని వాళ్ల కోసం: మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని, ఒకవైపు చదునుగా ఉంటాయి. కొన్ని పళ్లలో ఒకే గింజ గుండ్రంగా పెరుగుతుంది. అదే పీబెర్రీ.

ఇక బయట తాగడం అంటే నిలబడి తాగే దర్శినులు. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచి ఉంది. ఆఫీసు రోజుల్లో నేను, నా స్నేహితురాలు "బై టూ" చెప్పుకునేవాళ్లం. ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పంచి ఇస్తారు. డబ్బు మిగలాలని కాదు, ఇంకో గంటకి మళ్లీ రావచ్చని. కెఫే కాఫీ డే కూడా 1996లో ఈ ఊళ్లోనే బ్రిగేడ్ రోడ్డులో మొదలైంది. పెళ్లికి ముందు మా వారిని మొదటిసారి కలిసింది దాంట్లోనే. కాఫీ గుర్తులేదు, ఆ రోజు గుర్తుంది.

---

పాడేరు కొండగాలి (అల్లూరి సీతారామరాజు జిల్లా)

నమస్తే అండి. మా ఇంటికి ఎకరంన్నర కాఫీ తోట ఉంది. ఇంతమంది కాఫీ గురించి రాస్తుంటే నేనూ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అక్కా, చికోరీ 20 శాతం అన్నారు. మా వైపు వింటే మనసు చివుక్కుమంటుంది. మేము సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి, కింద కాఫీ పెంచుతాం. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడతాయి. అన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద ఎర్రటి పండు, పచ్చి కాయ పక్కపక్కనే ఉంటాయి. పండినది మాత్రమే చేత్తో కొయ్యాలి. అలా ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. సుమారు ఆరు కిలోల పళ్లు కోస్తే ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కొట్టు కూడా పెట్టారు. అంత కష్టపడి పండించిన గింజలో వేరు పొడి కలిపితే, మా కొండ రుచి ఎక్కడ తెలుస్తుంది?

ఒక్కసారి మా గింజ దోరగా వేయించి, పాలు లేకుండా, చికోరీ లేకుండా తాగి చూడండి.

---

చిత్తూరు చిన్నోడు (తిరుపతి)

కొండగాలి అన్నా, మీ కష్టానికి దండం. కానీ చికోరీని అంత తీసిపారేయొద్దు. చికోరీ కలుపుకునేది మోసం చేయడానికి కాదు. డికాక్షన్ చిక్కబడుతుంది, రంగు నిలుస్తుంది, పాలు పోసినా పలచబడదు. మంచి అరబికా ఒక్కటే వేసి, మనం పోసేటన్ని పాలు పోస్తే, పాల రుచి తప్ప ఏమీ మిగలదు. పాలతో తాగే కాఫీకి చికోరీ అవసరం. పాలు లేకుండా తాగేదానికి అక్కర్లేదు. రెండూ వేరువేరు పానీయాలు.

శాతం మాత్రం చూసుకోవాల్సిందే. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది, చాలామంది చూడరు. నా లెక్కలో 15 దాటితే ఎక్కువ.

---

పాడేరు కొండగాలి (అల్లూరి సీతారామరాజు జిల్లా)

తమ్ముడూ, "రెండూ వేరువేరు పానీయాలు" అన్న మాట బాగుంది. ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో మా నాన్న కూడా పాలతోనే తాగుతాడు. పాలు లేకుండా తాగేది నేనొక్కణ్ణే.

---

ఎడిసన్ అక్క (న్యూజెర్సీ)

నాది వావా. ఇంత పెద్ద చెయిన్లు ఉండగా పెట్రోలు బంకు పక్కన కాఫీ ఏమిటని అడుగుతారు. అక్కడ ఎవరూ కలిపి ఇవ్వరు, వరసగా ఫ్లాస్కులు ఉంటాయి, మనమే పోసుకోవాలి. నేను కప్పులో ముందు సగం దాకా హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం క్రీము కలిపింది) పోస్తాను. దాని మీద ముదురు కాఫీ. పద్నాలుగేళ్లుగా ఇదే. మా అమ్మ కాఫీ కలిపే పద్ధతి కూడా అదే, ముందు గ్లాసులో పాలు, తర్వాత డికాక్షన్. రంగు చూసుకుంటూ చుక్క చుక్కగా పోసేది. నా చేత్తో ఆ రంగు దగ్గర ఆపుకోవడం నాకు కావాలి. వేరేవాళ్లు కలిపితే తాగలేను.

---

సియాటిల్ వాన (రెడ్‌మండ్)

ఇక్కడ స్టార్‌బక్స్ తప్ప ఏం చెప్తాననుకుంటారు? కానీ నేను చెప్పేది వేరు. స్టార్‌బక్స్ 1971లో మొదలైనప్పుడు కాఫీ కలిపి అమ్మలేదు, గింజలే అమ్మింది. ఆ పెట్టినవాళ్లు గింజ వేయించడం నేర్చుకుంది 1966లో బర్క్‌లీలో కొట్టు పెట్టిన ఆల్‌ఫ్రెడ్ పీట్ దగ్గర. అందుకే ఈ తీరం వాళ్లకి ముదురు వేపుడు అలవాటు. మన డికాక్షన్ చేదు అలవాటున్న వాళ్లకి ఇది తొందరగా పట్టుకుంటుంది. నేను ఇక్కడ చిన్న లాటే తీసుకుంటాను, ఒక షాటు ఎక్కువ వేయించుకుని. చిక్కటి ఎస్ప్రెసో కొద్దిగా, వేడి పాలు ఎక్కువ, పైన నురగ. గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోసిన మన కాఫీకి దగ్గరి చుట్టం.

ఇంకో విషయం. యాప్ పాయింట్లనే లాయల్టీ అంటున్నారు ఇప్పుడు. ఒక చెయిన్‌లో (పేరు చెప్పను) ఏడాది కూడబెట్టిన పాయింట్లు నేను ఇండియా వెళ్లొచ్చేసరికి గడువు తీరి పోయాయి. చాలా బాధేసింది. మా గుడివాడలో కాఫీ హోటల్ ఆయన గోడ మీద సుద్దతో గీతలు పెట్టి నెలాఖరుకి లెక్క చూసేవాడు. మా నాన్నకి జబ్బు చేసి రెండు నెలలు వెళ్లకపోతే ఇంటికొచ్చి పలకరించి వెళ్లాడు.

---

పాల కేంద్రం (వడ్లమూడి పక్క పల్లెటూరు)

ఓరుగల్లు తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను. పదకొండేళ్లు పాల కేంద్రంలో వెన్న శాతం చూసే పని చేశాను. పొద్దున ఐదింటికి క్యాన్ మూత తీసి, గరిటెతో కలిపి, శాంపిల్ తీసి మిషన్‌లో పెడితే అంకె వస్తుంది. ఆ అంకెను బట్టే రైతుకి డబ్బు.

గేదె పాలు 6 నుంచి 7 శాతం వెన్న. మన కోస్తాలో పుట్టి పెరిగిన వాళ్ల నాలుక కాఫీ నేర్చుకుంది ఆ పాల మీద. ప్యాకెట్‌లో ఫుల్ క్రీమ్ పాలన్నా 6 శాతమే. మీ దేశాల్లో "హోల్ మిల్క్" అంటే 3.25 శాతం. మన టోన్డ్ పాలు 3 శాతం, దానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ పాలతో ఎంత మంచి పొడి వేసినా నీళ్ల కాఫీలా ఉంటుంది. పైగా వెన్న బొట్లను బాగా నలగ్గొట్టి పాలలో కలిపేస్తారు కాబట్టి కాచినా మందంగా మీగడ కట్టదు.

అందుకే మీకు క్రీము కాఫీ మొదటి గుక్కలోనే నచ్చింది అమ్మాయ్. నీకు నచ్చింది డంకిన్ కాదు, అందులో దొరికిన గేదె పాల రుచి.

లెక్క కూడా వేశాను. 200 మిల్లీలీటర్ల 3.25 శాతం పాలలో 18 శాతం క్రీము 45 మిల్లీలీటర్లు పోస్తే మొత్తం 6 శాతానికి వస్తుంది. అంటే పెద్ద చెంచాతో మూడు. 10 శాతం క్రీము అయితే 135 దాకా పోయాలి.

---

బోస్టన్ బాబాయ్ (క్విన్సీ, మసాచుసెట్స్)

ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను, ఈ సంగతి ఇవాళ తెలిసింది. మా ఆవిడకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లో గేదె పేరు గౌరి" అంది.

---

ఓరుగల్లు పిల్లోడు (హనుమకొండ)

జవాబు దొరికింది, థాంక్యూ అన్నా. ఇరానీ చాయ్ కూడా గిట్లనే. డికాక్షన్ వేరే గిన్నెల, పాలు వేరే గిన్నెల గంటలకొద్ది మరిగి చిక్కబడతయి. కప్పులో రెండూ కలుస్తయి. హైదరాబాదుల ఒక కేఫ్ వదిలి ఇంకో కేఫ్‌కి పోని వాళ్లు ఆ పాల చిక్కదనం కోసమే పోతరు.

---

చిత్తూరు చిన్నోడు (తిరుపతి)

డిగ్రీ కాఫీ అన్న పేరు కూడా పాల నుంచే వచ్చిందని మా పెద్దవాళ్లు అంటారు. లాక్టోమీటరు వేసి, నీళ్లు కలవని పాలని డిగ్రీ చూసి తీసుకున్న కాఫీ అని. మా దగ్గర హోటల్ బోర్డు మీద ఆ మాట రాసి ఉంటే పాలకి పూచీ అని అర్థం.

---

హామిల్టన్ మేష్టారు (హామిల్టన్, ఒంటారియో)

టిమ్ హోర్టన్స్ క్రీము 18 శాతమే. మిషన్ మీద బొత్తం నొక్కితే కొలత ప్రకారం పడుతుంది. పాల కేంద్రం బాబు చెప్పిన అంకె చూడగానే లేచి ఫ్రిజ్ తలుపు తీశాను.

తెనాలి అమ్మా, ఒంటారియోలో ఇంకో సుఖం ఉంది, గమనించారో లేదో. పాలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. నాలుగు లీటర్లు, మూడు సంచులు. జగ్గులో పెట్టి మూల కత్తిరించి పోసుకోవడమే. మా అమ్మ 2011లో వచ్చినప్పుడు ఈ దేశంలో తనకి తెలిసిన వస్తువు కనపడింది ఇదొక్కటే. రోజూ తనే కత్తిరించేది.

---

మల్లేశ్వరం (బెంగళూరు)

ఫిల్టరు వేసేవాళ్లకి ఒక మాట. పొడి పోసి గొడుగుతో (ఫిల్టరులో ఉండే కాడ ఉన్న చిల్లుల బిళ్లతో) గట్టిగా నొక్కకండి, నీళ్లు దిగవు. మెల్లగా సర్ది, పైన గొడుగు పెట్టి, మరిగిన నీళ్లు అర నిమిషం ఆగి పోయండి. మొదటి డికాక్షన్ దిగడానికి పావుగంట పైనే పడుతుంది. తొందరపడి తట్టకూడదు. రెండోసారి నీళ్లు పోసి తీసిన డికాక్షన్ ఇంట్లోవాళ్లకి సరిపోతుంది, వచ్చినవాళ్లకి మాత్రం మొదటిదే ఇవ్వాలి.

---

దుగ్గిరాల వాస్తవ్యుడు (గుంటూరు జిల్లా)

పసుపు యార్డుతో పేరున్న మా ఊళ్లోనే ఇన్‌స్టంట్ కాఫీ కూడా తయారవుతుంది, సీసీఎల్ అనే కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీలో. కాంటినెంటల్ అన్న పేరుతో ఇక్కడ దొరుకుతుంది. విదేశాల్లో అమ్ముడుపోయేది చాలావరకు ఆయా కంపెనీల పేర్లతోనే. తెనాలి అమ్మాయి గారూ, మీరు అక్కడ సూపర్ మార్కెట్‌లో కొన్న సీసాలో ఉన్నది మీ పక్క ఊరి కాఫీ అయినా అయ్యుండొచ్చు.

---

తెనాలి అమ్మాయి (మిసిసాగా)

అందరికీ పేరు పేరునా థాంక్స్. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూశాకే రాయాలని.

మొదటి వారం మేష్టారి మాట విని డబుల్ డబుల్ తాగాను. బాగుంది. డంకిన్ కాఫీలా లేదు, వేపుడు వేరు. కానీ మొదటి రోజుల్లో ఉన్న వెలితి లేదు. కౌంటర్ దగ్గర పంజాబీ అమ్మాయి ఒకతి ఉంది, నాలుగో రోజు నుంచి నేను నోరు తెరవకముందే బొత్తం నొక్కుతోంది.

రెండో వారం మా అమ్మ వచ్చింది. సూట్‌కేస్‌లో పచ్చళ్ల మధ్య చీరలో చుట్టి ఇత్తడి ఫిల్టరు తెచ్చింది. అమ్మమ్మది. అడుగున సొట్ట ఉంది, చిన్నప్పుడు నేనే కింద పడేశాను. ఇక్కడి పాలు ఒకరోజు కాచి చూసి "ఏమిటే ఇవి, మీగడే లేదు" అంది. పాల కేంద్రం అన్నయ్య లెక్క ప్రకారం 18 శాతం క్రీము తెచ్చి మూడు చెంచాలు పోశాను. అమ్మకి చెప్పలేదు. మామూలుగా డికాక్షన్ కలిపి, రెండు గ్లాసుల మధ్య మూడుసార్లు ఎత్తి పోసి ఇచ్చాను.

ఒక గుక్క తాగి గ్లాసు వంక చూసి, "పాలవాణ్ణి మార్చావా?" అని అడిగింది.

---

పాల కేంద్రం (వడ్లమూడి పక్క పల్లెటూరు)

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు తల్లీ. ఆ ఫిల్టరు చిల్లులు మూసుకుపోతే గట్టి బ్రష్షు వాడొద్దు. స్టవ్వు మంట మీద ఒక్కసారి చూపించి, చింతపండుతో తోము.